ఎండ చూడని గుడ్డలు

అహ్మదాబాద్,
జులై 2024

ప్రియమైన లూసీ పిన్నికి,

ఫ్లోరా వందనాలు. మొన్న ఫోన్లో నేను అడగడం మొదలుపెట్టానో లేదో, "ఇవన్నీ ఫోన్లో వద్దు, ఉత్తరం రాసి బడి అడ్రసుకి పంపు" అని పెట్టేశావు. నాకు నవ్వొచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని నా రూమ్మేట్ వింతగా చూస్తోంది. తప్పులుంటే తిట్టకు. భిలాయి పక్కన ఈ చరోదా రైల్వే కాలనీలో హిందీలో పెరిగినదాన్ని. వేసవి సెలవుల్లో నువ్వు మీ ఇంట్లో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నాకున్న తెలుగు.

సంగతి ఇదీ. టెక్స్‌టైల్ డిజైన్‌లో ఇది నా ఆఖరి సంవత్సరం. సొంతంగా ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళ కోసం వేసవి గుడ్డ తయారు చేస్తానని రాసి, బొమ్మలు గీసి, మా మణిమాల మేడమ్ ముందు పెట్టాను. మంచి బొమ్మలే. ఆవిడ కాసేపు చూసి, "చీర బాగుంది. చీరలో మనిషి ఎక్కడ?" అని కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. ముందు వెళ్ళి కట్టుకునేవాళ్ళతో మాట్లాడాలట. వాళ్ళు ఏం కడతారు, ఎక్కడ ఒరుసుకుంటుంది, ఏది దాచుకుంటారు, ఇవన్నీ తెలిశాకే దారం ముట్టుకోవాలట. దాన్నే ఇక్కడ రీసెర్చ్ అంటారు.

నాకు తెలిసి రోజంతా నిలబడే ఆడవాళ్ళు భిలాయిలోనే ఉన్నారు. నువ్వు టీచరువి, నువ్వడిగితే ఎవరైనా చెబుతారు. క్యాంప్ 2 బస్తీలో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళని, మీ బడి ఆయాలని, మీ చర్చి వాళ్ళని అడిగి రాస్తావా? చీర సంగతి కాదు, లోపల ఏం కడతారో, దాంతో ఏం ఇబ్బంది పడతారో కావాలి. సిగ్గుపడకుండా చెప్పమను.

బాబాయికి, కెల్విన్‌కి నా నమస్కారాలు.

నీ
ఫ్లోరా

*

భిలాయి,
ఆగస్టు

చిరంజీవి ఫ్లోరాకు పిన్ని దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరంలో ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. ఎర్ర ఇంకుతో దిద్ది తిప్పి పంపుదామనుకున్నాను, పోనీలే అని ఊరుకున్నాను. ఫోన్ ఎందుకు వద్దన్నానంటే, మా ఇంట్లో నా ఫోన్ నాది కాదు. మీ బాబాయి అందులో వార్తలు చూస్తారు, కెల్విన్ వచ్చి తన చార్జింగ్ అయిపోయిందంటూ పట్టుకుపోతాడు. ఆడవాళ్ళ మాటలు వాళ్ళ కంట పడటం నాకిష్టం లేదు.

నువ్వు చెప్పినట్టే క్యాంప్ 2 వెళ్ళాను. మా బడిలో చదివే ఒక పిల్ల తల్లి, భాగ్యరేఖ, ఒక ప్రైవేటు మిల్లులో ఊడ్చే పనికి వెళ్తుంది. చీర మీద కోటు తొడుక్కోవాలట. "ఆ కోటు సిమెంటు బస్తాలాగుంటాది దీదీ. సాయంత్రం ఇప్పితే నా వాసన నాకే పడదు" అంది. లంగా బొందు ఒరుసుకుని నడుం చుట్టూ నల్లగా కాయ కాసిపోయింది, చూపించింది. అక్కడున్న వాళ్ళందరికీ అదే మచ్చ. బొందు బదులు వెడల్పు పట్టీ ఉంటే బాగుంటుందన్నారు. చెమటకి తెల్లగా ఉప్పు పేరుతుందన్నారు. ఇవన్నీ వేరే కాగితం మీద రాసి జతపరిచాను.

ఇంకొకామె ఉంది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆమె పేరు అడగకు. చదువుకున్న మనిషే, ఉద్యోగస్తురాలే. రెండో కాన్పు తర్వాత ఆమెకొక ఇబ్బంది మొదలైంది. ఆ బిడ్డ దక్కలేదు, ఇబ్బంది మాత్రం మిగిలింది. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువెత్తినా నిలవదు. ఏది నిలవదో నువ్వే అర్థం చేసుకో. వయసు పెరిగిన కొద్దీ ఎక్కువైంది. ఆమె లోపల గుడ్డలు మడత పెట్టుకుంటుంది. నలుపు, ముదురు నీలం, కాఫీ రంగు చీరలే కొంటుంది. లేత రంగు చీరలు ఎవరైనా పెడితే తీసుకెళ్ళి పెట్టె అడుగున పెడుతుంది. ఇంట్లోవాళ్ళకి తెలియదు. డాక్టరుకి చెప్పలేదు. ఆ మాట నోటితో ఎలా అనాలో ఆమెకి తెలియదు.

ఇది నీ చదువుకి పనికొస్తుందో లేదో. పనికిరాకపోతే చింపెయ్యి.

పిన్ని

*

అహ్మదాబాద్,
సెప్టెంబరు

పిన్నీ,

నువ్వు నాకు బంగారు గని చూపించావు. నీ ఉత్తరాన్ని మేడమ్‌కి హిందీలో చదివి వినిపించాను.  ఆవిడ, "నీ ప్రాజెక్టు ఈ మనిషే. మిగతావన్నీ పక్కన పెట్టు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. క్లాసులో ఎవరూ ఇలాంటి విషయం పట్టుకోలేదు. ఒకడు నక్షత్రాల మీద, ఇంకొకమ్మాయి సముద్రపు నాచు మీద చేస్తున్నారు. నాది వింటే అందరి మొహాలూ మారిపోయాయి.

ఇప్పుడు నాకు చాలా వివరాలు కావాలి, ఆమెని అడిగి రాయి. ఏ గుడ్డ వాడుతుంది? ఎన్ని మడతలు వేస్తుంది? ఎలా కదలకుండా ఉంచుకుంటుంది? ఉద్యోగం చేసేచోట ఎక్కడ మార్చుకుంటుంది, తడిసినది ఎందులో పెట్టుకుంటుంది? ఉతికాక ఎక్కడ ఆరేస్తుంది? ఆ ఇబ్బంది వల్ల ఏయే పనులు మానుకుంది?

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. ఆమె వాడిన గుడ్డలు ఒకటి రెండు పంపగలదా? ఉతికినవే. గుడ్డ ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ చిరిగిందో కళ్ళతో చూస్తే నాకు తెలిసేది మాటల్లో తెలియదు. ఆమె పేరు, ఊరు ఎక్కడా రానివ్వను. నా మీద ఒట్టు.

నీ
ఫ్లోరా

*

భిలాయి,
అక్టోబరు

ఫ్లోరాకు,

ఆమెని అడిగాను. చెప్పడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది.

కొత్త గుడ్డ పనికిరాదు, పీల్చుకోదు. బాగా నలిగి మెత్తబడిన పాత నూలు చీరని ముక్కలు చేసుకుంటుంది. ఇంటి దగ్గరైతే ఆరు మడతలు, బయటికి వెళ్తే ఎనిమిది. ఎనిమిదైతే నడక మారిపోతుంది. అందుకని నెమ్మదిగా నడుస్తుంది. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పింది. బడిలో

(ఇక్కడ ఒక లైను కొట్టేశాను, క్షమించు.)

పనిచేసేచోట ఆడవాళ్ళ గదికి గొళ్ళెం సరిగ్గా పడదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని రెండో చేత్తో మార్చుకోవాలి. తడిసినది ప్లాస్టిక్ సంచిలో చుట్టి టిఫిను డబ్బా సంచి అడుగున పెట్టుకుంటుంది. అన్నంతో పాటు అదీ. రాసేటప్పుడు నాకే అన్నం సహించలేదు.

అన్నిటికంటే కష్టం ఆరేసుకోవడం. ఇంట్లో మగపిల్లాడు ఉన్నాడు. క్వార్టరు బాల్కనీలో తీగ మీద ఏం ఆరేసినా ఎదుటి బ్లాకు వాళ్ళకి కనిపిస్తుంది. అందుకని స్నానాలగదిలో తలుపు వెనక మేకుకి వేసి, పైన తువ్వాలు కప్పుతుంది. వానాకాలంలో అవి ఆరనే ఆరవు. చెమ్మవే పెట్టుకుంటే దురద, పుండ్లు. అవి ఎన్నడూ ఎండ చూడలేదు.

ఏం మానుకుందని అడిగావు. రైలు ప్రయాణాలు మానుకుంది. అక్కచెల్లెళ్ళ ఇళ్ళల్లో పడుకోవడం మానుకుంది. పెళ్ళిళ్ళలో మంచినీళ్ళు తాగడం మానుకుంది. ఎవరైనా హాస్యం ఆడబోతే ముందే లేచి వెళ్ళిపోతుంది. పొగరని పేరొచ్చింది. రాయడం ఇక్కడితో ఆపుతున్నాను.

గుడ్డలు రెండు పార్సిల్‌లో పంపుతున్నాను. వేణ్ణీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. నువ్వు, మీ మేడమ్ చూడండి. చూశాక కాల్చెయ్యండి. ఇంకెవరికీ చూపించకు.

నా గొంతు బాగుండటం లేదు. ఈ మధ్య చర్చి క్వయర్‌లో పాడటం లేదు. పాస్టరమ్మగారు అల్లం, మిరియాలు పంపించారు.

పిన్ని

*

అహ్మదాబాద్,
నవంబరు

పిన్నీ, నా బంగారు పిన్నీ,

ప్రదర్శన అయిపోయింది. జ్యూరీలో నా ప్రాజెక్టుకి మొదటి స్థానం వచ్చింది.

నీ ఉత్తరం నా పని మొత్తాన్ని తిప్పేసింది. అంతకుముందు నేను ఏ నూలు ఎంత నీరు పీలుస్తుందని గిన్నెలు పెట్టి కొలుస్తూ కూర్చున్నాను. ఆమెకి కావలసింది ఎక్కువ పీల్చే గుడ్డ కాదు, నలుగురి ముందు ఆరేసుకోగల గుడ్డ. అది తెలిశాక రాత్రికి రాత్రే దారి దొరికింది. చివరికి ఒక లంగా తయారు చేశాను. చూడటానికి మామూలు లంగానే. వెనక భాగంలో లోపల మెత్తటి నూలు పొరలు ఉంటాయి. అన్నిటినీ కలిపి కుట్టేయలేదు, ఒక అంచు మాత్రమే పట్టి ఉంటుంది. పిండి తీగ మీద వేస్తే పొరలు పుస్తకంలో పేజీల్లా విడిపోయి తొందరగా ఆరతాయి. ఎదుటి బ్లాకు వాళ్ళు చూసినా లంగానే అనుకుంటారు. మీ క్యాంప్ 2 వాళ్ళు చెప్పినట్టు బొందు తీసేసి వెడల్పు పట్టీ పెట్టాను.

హాలు మధ్యలో నువ్వు పంపిన గుడ్డలు రెండూ గాజు చట్రంలో పెట్టాం. నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ పిన్నీ, జనం అందరికంటే ఎక్కువసేపు వాటి ముందే నిలబడ్డారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అవి లేకపోతే నా లంగా ఒట్టి లంగా. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, "మధ్య భారతదేశంలో ఒక స్త్రీ" అని మాత్రమే రాశాను. కాలేజీ వాళ్ళు ఫోటోలు తమ పేజీలో పెట్టారు. కెల్విన్‌కి కూడా పంపించాను, ఇంట్లో చూపించమని.

ఆమెకి చెప్పు, ఇదంతా ఆమె వల్లే అని. మొదటి లంగా ఆమెకే పంపిస్తాను, నడుం కొలత రాయి.

నీ
ఫ్లోరా

*

భిలాయి,
డిసెంబరు

ఫ్లోరాకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. క్రిస్మస్ అయిపోయాక రాద్దామని ఆగాను. 

కెల్విన్ నీ ఫోటోలు చూసి మురిసిపోయాడు. మన భిలాయి అమ్మాయికి ఫస్ట్ ప్రైజ్ వచ్చిందని రాసి మా చర్చి గ్రూపులో పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. మధ్యాహ్నానికల్లా ఎవరో ఆ గుడ్డలు దేనికో చదివి, గాజు చట్రం ఫోటోని పెద్దది చేసి చూశారు.

నువ్వు చరోదా చర్చికి వెళ్ళేదానివి కాబట్టి నీకు తెలియదు. మా క్వయర్ ఆడవాళ్ళందరం ఒకప్పుడు విజయనగరం నుంచి ఒకేరకం చీరలు తెప్పించుకున్నాం. మీగడ రంగు, ఊదా అంచు, అంచులో చిన్న చిన్న గంటలు. చర్చి వార్షికోత్సవానికి నేయించినవి. అలాంటివి ఇంకెక్కడా లేవు. నీ గాజు చట్రంలో ఉన్న గుడ్డకి ఆ గంటల అంచు కొంచెం మిగిలిపోయి ఉంది.

కట్టుకున్నవాళ్ళం కొద్దిమందిమే. ఎవరిదై ఉంటుందని లెక్కలు వేసుకున్నారు. రజనీకుమారిదని తేల్చేశారు. క్వయర్ నడిపేది ఆవిడే. పోయినేడు గర్భసంచి ఆపరేషన్ అయింది, షుగరు వల్ల ఆరాధన మధ్యలో లేచి వెళ్తుంది. అంతే, వాళ్ళకి చాలిపోయింది. ఒక ఆదివారం ఆవిడ కూర్చునే కుర్చీ మీద ప్లాస్టిక్ సంచి పరిచి ఉంది. ఎవరు పరిచారో నేను చూశాను. ఆవిడ వచ్చి, ఆ సంచి చూసి, మొదట ఏమీ అర్థంకాక మా అందరి మొహాలూ చూసింది. తర్వాత అర్థమైంది. బైబిలు సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. క్రిస్మస్ పాటలు ఆవిడ లేకుండానే పాడారు.

నేను ఆ రోజు ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను. కదల్లేదు. నోరు మెదపలేదు.

ఆ గుడ్డలు ఎవరివో నీకు చెప్పను. రజనీకుమారివి మాత్రం కావు. కాల్చెయ్యమని రాశాను. ఎవరికీ చూపించకని రాశాను. నీకు తెలుగు చదవడం నేనే నేర్పాను కదా.

ఇక నాకు రాయకు.

లూసీ

*

అహ్మదాబాద్,
జనవరి 2025

పిన్నీ,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి, తర్వాత నీ ఇష్టం.

చట్రం తీయించేశాను. పేజీలో ఫోటో కూడా తీయించాను. కానీ చూడవలసిన వాళ్ళు చూసేశాక తీసి ఏం లాభం. మణిమాల మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆ గుడ్డలు చూపించొద్దన్నారు, అయినా పెట్టాను అని చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఎవరి ఒంటి మీది గుడ్డని వాళ్ళు వద్దంటున్నా నలుగురికీ చూపిస్తే దానికి రీసెర్చ్ అని పేరు పెట్టకు" అన్నారు. నాకిచ్చిన స్థానం వెనక్కి తీసుకున్నారు. ప్రాజెక్టు మళ్ళీ మొదటి నుంచి చేయాలి, పట్టా ఈ ఏడాది రాదు. అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదు. ఇది నీకు జాలి కలగాలని రాయడం లేదు. రజనీకుమారి ఆంటీకి జరిగినదాని ముందు ఇది ఏమంత శిక్ష.

నీకు చెప్పవలసినది వేరే ఉంది.

అక్టోబరు ఉత్తరంలో నువ్వు ఒక లైను కొట్టేశావు. వెలుతురుకి పట్టి చూస్తే కింది అక్షరాలు కనిపించాయి. "బడిలో" అన్న మాట తర్వాత "నేను" అని ఉంది. ఆ రోజే నాకు తెలిసింది పిన్నీ. ముదురు రంగు చీరలు, మోకాళ్ళ నొప్పులు, మా ఇంటికొస్తే రాత్రి ఉండకుండా వెళ్ళిపోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడ్డాయి. మా పిన్నికి ఇంత కష్టం ఉందా అని ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, నీ ఉత్తరంలోంచి పనికొచ్చే మాటలు ఏరి రాసుకున్నాను.

తెలిసి కూడా "ఆమెకి చెప్పు, ఆమె కొలత రాయి" అని రాస్తూ వచ్చాను. నీ మర్యాద కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అది నువ్వేనని ఒప్పుకుంటే, నేను నీ కూతురిలాంటిదానిగా ముందు అడగవలసిన మాట ఒకటి ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళావా అని. నేను గుడ్డ గురించి ఎన్నో ప్రశ్నలు రాశాను. ఆ ఒక్క ప్రశ్న రాయలేదు. ఇక్కడ మా లైబ్రరీలో చదివిన పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే ఉంది, దీనికి వైద్యం ఉందని, కొన్ని కసరత్తులతోనే చాలామందికి తగ్గుతుందని. అది చదివి కూడా నీకు రాయలేదు. నీకు తగ్గిపోతే నా ప్రాజెక్టు ఏమైపోతుందో అని ఎక్కడో మూల ఉన్న భయం. ఇది రాస్తుంటే నా మొహం నాకే చూపించుకోబుద్ధి కావడం లేదు.

పిన్నీ, డాక్టరుకి చూపించుకో. నా లంగా సంగతి వదిలెయ్. నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

ఫ్లోరా

*

భిలాయి,
ఫిబ్రవరి

ఫ్లోరాకు పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం బడి ఆఫీసులో నిలబడి చదివాను. చదివి, మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పి, మళ్ళీ చదివాను. చాలా కోపం వచ్చింది. ఆ కోపం కొంత ఇంకా ఉంది, లేదని అబద్ధం రాయను. కానీ నువ్వు నా గురించి తెలిసి అడగలేదు, నేను రజనీకుమారి గురించి తెలిసి చెప్పలేదు. నీకు ఏ మొహంతో బుద్ధి చెప్పను?

ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది.

"ఏటి లూసీ, నువ్వూ చూసి పోదామని వచ్చావా?"

లోపలికి రానిమ్మన్నాను. రానిచ్చింది, కూర్చోమనలేదు. ఆ గుడ్డలు నావి అని చెప్పాను. ఎన్నేళ్ళుగానో నోట్లోంచి రాని మాట. రెండు ముక్కల్లో వచ్చేసింది.  కరిగిపోతుందని, నన్ను పట్టుకుని ఏడుస్తుందని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. అలాంటిదేమీ జరగలేదు.

"నాకా జబ్బు లేదు. లేదని ఎవరికి, ఏటి విప్పి చూపించమంటావు?" అంది. "నీ పక్క కుర్చీయే కదా నాది. ఆ సంచి తీసి కింద పడేస్తే సరిపోను. అవి ఎవరివో కూడా చెప్పక్కర్లేకపోను. అంతపాటి పని చెయ్యలేకపోయావు."

 వచ్చేశాను.

ఆ శనివారం స్త్రీల సమాజం కూడిక. వాక్యం అయ్యాక సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవమన్నారు. లేచాను. నువ్వు నవ్వుతావేమో, లేచేటప్పుడు కూడా నాకు ఒకటే భయం, ఇక్కడే తడిసిపోతానని. తడిసింది కూడా. నిలబడే చెప్పాను. ఆ ఫోటోలో గుడ్డలు నావి, రజనీకుమారి గారివి కావు, నాకు మూత్రం నిలవదు, ఆవిడ పక్కనే కూర్చుని ఈ మాట చెప్పకుండా ఉన్నది నేను, అన్నాను. సంచి పరిచినామె పేరు చెప్పలేదు. ఆమె తల దించుకుని చీర అంచు లాక్కుంటూ కూర్చుంది.

  పాస్టరమ్మగారు లేచి, స్వస్థత కోసం అందరం ప్రార్థన చేద్దామని నా తల మీద చెయ్యి వేయబోయారు. "ఇప్పుడు వద్దమ్మా. ముందు రజనీకుమారి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగండి" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది, కానీ వెళ్ళారు. నలుగురైదుగురు వెళ్ళారట. తర్వాతి ఆదివారం రజనీకుమారి వచ్చింది, తన కుర్చీలోనే కూర్చుంది, పాట ఎత్తుకుంది. నా వైపు చూడలేదు. ఇప్పటికీ చూడటం లేదు. చూస్తుందో లేదో తెలియదు. అది ఆవిడ ఇష్టం, నేను అడగలేను.

చర్చిలో నా దగ్గరికి వచ్చి మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. కొందరు పక్కకి జరిగారు కూడా. కానీ మొన్న బడి గేటు దగ్గర ఒకామె నా కోసం నిలబడి ఉంది. తనకి కాదట, తన వదినకట, ఆ లంగా ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమందట. సరే, మీ వదినని ఒకసారి రమ్మను అన్నాను. నువ్వు పని ఆపకు. మళ్ళీ మొదటి నుంచి చేయమన్నారు కదా, వేసవిలో ఇక్కడికి వచ్చి చెయ్యి. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు. ముందు వాళ్ళని డాక్టరుకి చూపించుకున్నారా అని అడుగు. తర్వాత గుడ్డ సంగతి.

ఇంట్లో సంగతి రాయాలి. ఇది నీకు కాకపోతే ఎవరికీ రాయలేను.

నేను కూడిక నుంచి వచ్చేసరికి కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. కెల్విన్ తన గదిలో తలుపేసుకున్నాడు. ఫోటో పెట్టింది తనే కదా. భోజనానికి పిలిస్తే వచ్చి, నా మొహం చూడకుండా, తనకి తెలియదంటూ, "అమ్మా, ముఝే నహీ పతా థా" అన్నాడు. వాడికి హిందీలోనే ఏడుపు వస్తుంది. నీ తప్పేమీ లేదురా అన్నాను.

మీ బాబాయి మిల్లుకి వెళ్ళడానికి బూట్లు వేసుకుని కూర్చున్నారు, వెళ్ళలేదు. ఫోన్ చేసి సెలవు చెప్పారు. నేను ముందుగదిలో విడిగా పడుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. నడుం నొప్పి, గట్టి నేల మీద పడుకోవాలని చెప్పాను. ఆయన ఏనాడూ మారు మాట్లాడలేదు.

"అందుకా లూసీ, ముందుగదిలోకెళ్ళిపోయావు?" అన్నారు.

ఔనన్నాను.

ఆయన చాలాసేపు బూటు తాడు విప్పుతూ ఉండిపోయారు. తర్వాత నెమ్మదిగా, "నా తాగుడు పడక అనుకున్నాను. మానేస్తే వస్తావనుకున్నాను. మానేశాను, రాలేదు. ఇంకేటి తప్పు చేశానో అడుగుదామంటే నాకు సిగ్గేసింది" అన్నారు.

ఆయన తాగుడు మానేసినప్పుడు నేను చర్చిలో కృతజ్ఞతార్పణ కట్టాను, ఫ్లోరా. దేవుడు చేసిన కార్యమని అందరికీ చెప్పుకున్నాను. ఆయన నా కోసం మానేశారని, మానేసి ప్రతి రాత్రీ తలుపు వైపు చూసేవారని నాకు తెలియదు. మేమిద్దరం ఒకరి పక్క ఒకరం కూర్చున్నాం. నాకు ఆయన మొహం చూడాలంటే సిగ్గు, ఆయనకి నా మొహం చూడాలంటే సిగ్గు.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళాం. నేనొక్కదాన్నే వెళ్తానంటే వినలేదు. ఆడవాళ్ళ విభాగం, హాలు నిండా కడుపుతో ఉన్న ఆడపిల్లలు, వాళ్ళ అత్తలు. మగవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మీ బాబాయి టోకెను పట్టుకుని వాళ్ళ మధ్యలో ముడుచుకుని కూర్చున్నారు. టోకెను ఇచ్చేచోటే చీటీలో నా జబ్బు రాసుకున్నారు. కాసేపటికి నర్సు బయటికి వచ్చి, నా పేరు పలకడం రాక చీటీ చూసి, హాలంతా వినబడేలా, "పేషాబ్ వాలీ కౌన్ హై?" అని అరిచింది.

మూత్రం జబ్బామె ఎవరా అని అన్ని తలలూ తిరిగాయి.  కూడికలో అందరి ముందు నిలబడి చెప్పినదాన్ని, అక్కడ ఆ పరాయి వాళ్ళ మధ్య లేవలేకపోయాను. నర్సు మళ్ళీ అరిచింది.

మీ బాబాయి లేచి నిలబడ్డారు. మొహం మెడ దాకా ఎర్రబడిపోయింది. "హమ్ హై, సిస్టర్" అన్నారు, మేమేనని.

ఆవిడ ఆయన్ని పైకీ కిందకీ చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కూర్చోలేదు. నేను లేచి ఆయన పక్కకి వెళ్ళేదాకా అలాగే నిలబడి ఉన్నారు.

నీ
లూసీ పిన్ని